ధనంజయ ఇంటి ముందు చెంగమ్మ

కెమెరా తగిలించుకున్న మనిషి కనబడితే చాలు, చెంగమ్మకు ఒళ్లు మండిపోతుంది. హుమేరా ఆటో దిగగానే వాకిలి ఊడుస్తున్నదల్లా ఆగి, చీపురు గట్టిగా పట్టుకుంది.

"ఎవురు పంపించినారు నిన్ను?"

"ఎవరూ పంపలేదు పెద్దమ్మా. నేనే వచ్చినాను."

"ఊరికే ఎవురొస్తారు మా?"

హుమేరా తిరుపతి అమ్మాయి. ఊళ్లు పోగొట్టుకున్నవాళ్ల ఫొటోలు తీస్తూ తిరుగుతుంది. సూళ్లూరుపేట అవతల ఫ్యాక్టరీల కోసం ఒక ఊరిని ఖాళీ చేయించి, జనాన్ని మిట్ట మీద కాలనీలో పెట్టారని విని వచ్చింది. అందరికీ ఇళ్ల స్థలాలు వచ్చాయి, చెంగమ్మకు తప్ప. ఆమె పాత ఊరి పొరుగువాడు ధనంజయ పెరట్లో, అతని గోడకు ఆనించి రేకులు వేసుకుని బతుకుతోంది.

దానికీ ఒక ఫొటోనే కారణం. పాత ఊళ్లో ఏ ఇల్లు ఎవరిదో రాసుకోవడానికి భూసేకరణ ఆఫీసు వాళ్లు కెమెరాతో వచ్చి, ఎవరింటి ముందు వాళ్లను నిలబడమన్నారు. చెంగమ్మ పూరిల్లు ఆ ఏటి వానలకు ఒక పక్క కూలిపోయింది. మొగుడు పోయాక కప్పు వేయించే దిక్కు లేదు. ఆ ఊరి వాళ్లకు ఫొటో అంటే పెళ్లిలో తీసేదే. మంచి చీర కట్టుకోవాలి, వెనక మంచి గోడ ఉండాలి. ఆమె కూడా పట్టంచు చీర కట్టుకుని, తల దువ్వుకుని, పక్కనే ఉన్న ధనంజయ మిద్దె ముందు, నీలం తలుపుల దగ్గర నిలబడింది. "రా చెల్లెమ్మా" అని అతనే జరిగి చోటిచ్చాడు. ఇంకేముంది! ఆఫీసు వాళ్ల లెక్కలో ఆమె ఆ ఇంటి మనిషైపోయింది. పూరింట్లో ఎవరూ లేనట్టు తేల్చేశారు.

తర్వాత ఎంతమంది కాళ్లు పట్టుకున్నా ఆ ఫొటోనే చూపించారు. అందులో నవ్వుతూ నిలబడి ఉంది మహాతల్లి! తప్పంతా కెమెరాదేనని అప్పటినుంచీ తిడుతూనే ఉంది. పూరిల్లు తనదని చూపించుకోవడానికి సిగ్గుపడింది తానేనని లోలోపల తెలుసు. ఆ మాట మాత్రం పైకి అనదు.

హుమేరా వచ్చిన ఆ రోజు చెంగమ్మ ఆమె ఎక్కడికి పోతే అక్కడికి పోయింది. "ఎనకాల గోడ ఎవురిదో సూసుకోండప్పా" అని అందరినీ బెదరగొట్టింది. మీసం దువ్వుకుని సిద్ధమైన ముసలాయన ఒకడు లేచి ఇంట్లోకి పోయాడు. హుమేరా ధనంజయ ఇంటిని తీస్తుంటే దూరంగా జరిగి, పళ్లు కొరుకుతూ చూసింది.

"స్థలం రానోళ్లను సూసేదానికి ఆఫీసోళ్లు మళ్లా వస్తారంట చెల్లెమ్మా. ఇదే ఆఖరంట," అన్నాడు ధనంజయ. "నువ్వు ఈ రేకుల్లో ఉండావని ఒక ఫొటో ఉంటే మేలు గదా."

ఇతనికేం అంత అక్కర? తన గోడ తనకు ఖాళీ కావాలి, అంతే అనుకుంది చెంగమ్మ. అయినా ఆ 'ఆఖరు' అనే మాట ఆమెను నిలవనీయలేదు. లోపలికి పోయి వచ్చింది. చీర మార్చుకుని వస్తుందనుకున్న హుమేరాకు అదే మసి చీర కనబడింది. ఈసారి చేతిలో పొయ్యి మీది గిన్నె కూడా ఉంది.

"ఆ అన్న ఇంటి నీలం గోడ దగ్గర వెలుతురు బాగుండాది పెద్దమ్మా. ఆడ నిలబడతావా?"

చెంగమ్మ ముఖం కందగడ్డయింది.

"సంపేస్తా! ఆడ కాదు, ఈడ తియ్. నా మొకం రాకపోయినా పర్లేదు, రేకులు రావాల."

తుప్పు పట్టిన రేకు అంచును గట్టిగా పట్టుకుని నిలబడింది. నవ్వలేదు.

ఫొటో చూపిస్తే తన ముఖం వైపు చూడనేలేదు. రేకులు, పొయ్యి, నీళ్ల బిందె అన్నీ వచ్చాయో లేదో ఒక్కొక్కటీ వేలితో తడిమి చూసుకుంది. అయినా కెమెరా వదల్లేదు.

"ఇందాక ధనంజయన్న ఇల్లు తీసినావే, అదీ సూపించు."

హుమేరా చూపించింది. చెంగమ్మ కళ్లు చికిలించి తలుపు దగ్గర, గుమ్మం పక్కన, గోడ మూలల్లో వెతికింది.

"దీంట్లో నేను యాడా లేను గదా?"

"లేవు పెద్దమ్మా."

"ఇంకోసారి సూడు మా."