రెండు చెరువులకూ చెరిసగం పొడి

2023 వానాకాలం. కన్నడనాట, సముద్రం వాసనే ఎరగని పీణ్య పారిశ్రామికవాడలో, లేత్ మిషన్ల మధ్య ఒక షెడ్డులో మేము రొయ్యలకు బలం పొడి తయారుచేసేవాళ్లం. వెల్లుల్లి, పసుపు, నేలఉసిరి, తిప్పతీగ. వీధిలో ఎవరికి జలుబు చేసినా మా గేటు దగ్గర నిలబడి గట్టిగా ఊపిరి పీల్చుకుని పోయేవాళ్లు. నేను ఎనిమిదో తరగతితో బడికి నమస్కారం పెట్టినవాణ్ని. మిక్సర్ తిప్పడం నా పని. తెలుగు వచ్చు గనుక ఆంధ్ర రైతుల ఫోన్లు కూడా నా నెత్తినే పడ్డాయి.

రొయ్యకు కంగారెక్కువ. గట్టి వాన పడితే చెరువులో ఉప్పదనం, ఆక్సిజన్ ఒక్కసారిగా పడిపోతాయి. ఆ దెబ్బనే మా వాళ్లు స్ట్రెస్ అంటారు. మేత మానేసి, నీరసించి చచ్చిపోతాయి. మా పొడి కలిపిన మేతను ముందునుంచీ తింటే తట్టుకుంటాయని మా నమ్మకం.

భీమవరం వైపు రైతు సూర్రావుగారికి అంతకుముందు పంట అలాగే వానకు పోయింది. ఇంకొకటి పోతే కౌలు చెరువులు వదులుకోవాల్సిందే. పొడి పనిచేస్తుందో లేదో ముందు తేలాలని, ఒక చెరువుకు పొడి వేయమని, పక్కదాన్ని కంట్రోల్‌గా, అంటే పోల్చి చూడటానికి మామూలు మేతతోనే ఉంచమని ఫోన్లో చెప్పాను.

వానలు కుమ్మేశాయి. ఆ తర్వాత మా నగరంలోనే మడివాళలో పీజీ హాస్టల్లో ఉన్న కూతుర్ని చూడ్డానికి వచ్చిన భార్యాభర్తలు మా షెడ్డుకూ వచ్చారు.

"పొడేసిన చెరువు బతికిందండి," అన్నారు సూర్రావుగారు. మా ఓనరు శివప్ప మొహం వెలిగింది.

"పొడెయ్యందీ బతికిందండి."

వెలిగిన మొహం ఆరిపోయింది. "అదెట్లప్పా?" అని శివప్ప నా వైపు చూశాడు, ఆ రొయ్యల్ని నేనే కన్నట్టు.

ఏరేటర్లు, అదే నీళ్లలోకి గాలి కొట్టే మోటార్లు, ఎలా తిప్పారని అడిగాను. రెండింటికీ ఒకేలా, ఆపకుండా తిప్పామన్నారు. నా బుర్ర కూడా తిరగడం మొదలుపెట్టింది. అప్పటిదాకా మాట్లాడని ఆయన భార్య వెంకటలక్ష్మిగారు గొంతు సవరించుకున్నారు.

"మేత కలిపేది నేనే కదండీ. దానికి పెట్టి దీనికి పెట్టకపోతే ఉసురు తగలదా? మీరు పంపిన పొడి చెరిసగం చేసి రెండిటికీ కలిపేశాను."

"ఏంటే! నాకు చెప్పలేదేం?"

"చెబితే మీరు ఒప్పుకుంటారేంటి?"

సూర్రావుగారు నవ్వలేదు. "వచ్చే పంటకి నాలుగు చెరువులు బాబూ. పొడి వెయ్యమంటావా, వద్దంటావా?"

"సగానికే బతికుండాయి, నిండుగా వేస్తే ఇంకెట్లుంటాయో చెప్పప్పా!" అంటూ శివప్ప నన్ను మోచేత్తో పొడిచాడు.

సగం పొడి పనిచేసిందో, ఏరేటర్లు కాపాడాయో, రొయ్యలకే ఆయుష్షు గట్టిదో నాకు తెలిస్తే కదా.

"తెలీదండీ. ఏరేటర్లు మాత్రం ఆపకండి. మూడు చెరువులకి పొడి వేయండి," అని ఆవిడ వైపు తిరిగాను. "అమ్మా, నాలుగోదానికి మాత్రం వద్దు."

"అదేం పాపం చేసిందయ్యా?"

"అది తినకుండా ఉంటేనే కదమ్మా, మిగతావి తిన్నది పనిచేసిందో లేదో తెలిసేది!"

"అయితే అన్నిట్లోకీ చిన్నదాన్ని ఎంచండి," అన్నారావిడ.

ఆ పంటకాలంలో గట్టి వానే పడలేదు. నాలుగు చెరువులూ గట్టెక్కాయి, కౌలు నిలిచింది. పొడి సంగతి మాత్రం నాకు ఇప్పటికీ అయోమయమే. ఒక్కటి నేర్చుకున్నాను. కొత్త రైతు ఫోన్ చేస్తే మోతాదు తర్వాత చెబుతాను. ముందు, "మీ ఇంట్లో మేత కలిపేదెవరు? ఫోను వాళ్లకివ్వండి," అంటాను.