శనివారం అడిగిన ఇంటర్వ్యూ

మా అమ్మ దుబాయ్‌లో ఒక యూదుల ఇంట్లో వంట చేసేది. మాది కోనసీమ. నాన్న అల్ ఖూజ్‌లో ఏసీలు బాగుచేసే వర్క్‌షాప్‌లో సూపర్‌వైజర్. షార్జాలో అల్ నహ్దాలో ఉండేవాళ్ళం. పనిలో చేరిన కొత్తలో అమ్మ సాయంత్రం ఇంటికి రాగానే నన్ను ఏదో ఒకటి అడిగేది.

"పాల గిన్నెలు వేరు, మాంసం గిన్నెలు వేరు. తోమే స్పాంజీ కూడా వేరేనే. ఎందుకంటావ్?"

నాకేం తెలుసు? డిగ్రీలో చరిత్ర చదివి, ఒక కార్గో ఆఫీసులో కాగితాలు చూసే పనిలో ఉన్నాను. అమ్మకి జవాబు చెబుదామని పుస్తకాలు పట్టుకున్నాను. పాలూ మాంసమూ కలవకూడదన్నది వాళ్ళ మత నియమమని తెలిసింది. తర్వాత అమ్మ అడగడం మానేసినా నేను చదవడం మానలేదు. ఫోన్‌లో చూసి హీబ్రూ అక్షరాలు దిద్దుకున్నాను.

అబూ ధాబీలో ఒక యూనివర్సిటీలో యూదుల చరిత్ర, భాష చదివే పీజీ వాళ్ళకి స్కాలర్‌షిప్ ఇస్తున్నారని తెలిసి దరఖాస్తు పెట్టాను. నాన్నకి నచ్చలేదు.

"అది చదివి ఏ ఉద్యోగం చేస్తావమ్మా? అకౌంట్స్ అయితే ఎక్కడైనా పనికొస్తుంది" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, దిగులే.

"ముందు వాళ్ళు పిలవనీ నాన్నా" అన్నాను.

రెండు వారాలకి మెయిల్ వచ్చింది. బుధవారం పదకొండింటికి వీడియోలో ఇంటర్వ్యూ. ఆ రోజు ఆడిట్ ఉంది, సెలవు కుదరదన్నాడు మా ముదీర్, అంటే మేనేజరు. వారం సెలవు శని, ఆదివారాలకి మారిన కొత్త అది. శనివారం అందరికీ ఖాళీయే కదా అనుకుని, వీలైతే శనివారం పెట్టమని మర్యాదగా రాసి పంపేశాను.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. చపాతీ పిండి కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

"శనివారమా? ఆ రోజు వాళ్ళు పొయ్యి కూడా ముట్టుకోరు కదే. శుక్రవారం పొద్దుగుంకే లోపే అన్నీ వండి పెట్టి వస్తాను. లైటు స్విచ్చి కూడా వెయ్యరు."

శనివారం ఏ పనీ చెయ్యకూడని ఆ సబ్బాతు గురించి పది పేజీల నోట్సు రాసుకున్నదాన్ని నేను. సిగ్గుతో ఏడుపొచ్చింది.

"ఇప్పుడేం చెయ్యనమ్మా?"

"తప్పైపోయిందని రాయి. పాల గరిటె మాంసం కూరలో పెట్టినరోజు నేనూ మా మేడమ్‌తో అదే చెప్పాను. ఏమీ అనలేదు."

అప్పుడే రాశాను, బుధవారమే వస్తానని కూడా. మర్నాడు ముదీర్‌ని బతిమాలితే గంటసేపు వదిలాడు. గోడౌన్ వెనక ఆపి ఉన్న కంపెనీ పికప్‌లో కూర్చుని, ఫోన్‌ని స్టీరింగ్‌కి ఆనించి మాట్లాడాను. అవతల ఇద్దరున్నారు. పెద్దావిడ మొదటే అడిగింది.

"శనివారం సంగతి మీకెవరు గుర్తుచేశారు?"

"మా అమ్మండి. యూదుల ఇంట్లో వంట చేస్తుంది. నేను పుస్తకాల్లో చదివింది ఆమె ప్రతి శుక్రవారం చూస్తుంది."

ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఆ వంటిల్లు గురించే చాలాసేపు అడిగింది. నేను జవాబు సిద్ధం చేసుకున్న ప్రశ్న ఒక్కటీ రాలేదు.

మొదటి జాబితాలో నా పేరు లేదు. నాన్న ముందు మామూలుగానే ఉన్నాను గానీ, వారం రోజులు పుస్తకం తెరవలేదు. నెల తర్వాత ఎవరో చేరలేదని ఆ స్కాలర్‌షిప్ నాకు ఇచ్చారు. ఫీజు మాత్రమే, హాస్టల్ లేదు. ఉద్యోగం మానేస్తే దాంతో వచ్చిన వీసా పోతుంది కాబట్టి నాన్న వీసా మీదికి మారాను. రెండేళ్ళు రోజూ షార్జా నుంచి అబూ ధాబీకి బస్సులో తిరిగాను. క్రియాపదాల రూపాలన్నీ ఆ బస్సులోనే బట్టీ పట్టాను.

ఇప్పుడు ఒక లైబ్రరీలో హీబ్రూ పుస్తకాలకి జాబితా రాసే పనిలో ఉన్నాను. అకౌంట్స్ మాట నాన్న మళ్ళీ ఎత్తలేదు. నేను చదువులో చేరిన మొదటి నెలలోనే, వర్క్‌షాప్‌లో మిగిలిన ప్లైవుడ్‌తో మడతబల్ల చేయించి తెచ్చి, హాల్లో కిటికీ పక్క గోడకి తనే బిగించాడు. ఎత్తు సరిపోయిందా అని నన్ను కూర్చోబెట్టి చూసుకున్నాడు.