ఎనుము మేసిన ప్రయోగం

ఆ రోజుల్లో మా అనంతపురంలో నీళ్లు పారబోయడం ఎవరికీ చేతనయ్యేది కాదు. బియ్యం కడిగిన నీళ్లు కుడితిలోకి, కుడితి ఎనుముకు, స్నానం నీళ్లు కరివేపాకు చెట్టుకు. చేతులు కడుక్కోవాలన్నా ఆ నీళ్లు ఏ పాదులో పడతాయో చూసుకుని కడుక్కునేవాళ్లం. (నేను ఇప్పటికీ అంతే. మా ఇంటికి వచ్చినవాళ్లు సగం గ్లాసు తాగి వదిలేస్తే, నా ముఖం చూసి మిగతా సగమూ తాగేస్తారు.) అటువంటి ఊళ్లో నాకు దొరికిన మొదటి ఉద్యోగం ఏమిటంటే, నీళ్లలో బతికే మొక్కలను పెంచి, వాటికి మందు పోసి, అవి ఎట్లా నీరసిస్తాయో లెక్క రాయడం. మా నాయన ఊళ్లో ఎవరికీ ఈ సంగతి విడమరచి చెప్పలేదు. "కాలేజీలో పని" అని మాత్రం అనేవాడు, అదీ అడిగితేనే.

ఉద్యోగం ఇచ్చింది కోస్తా నుంచి వచ్చిన ఒక సారు. ఆయన చాటున మేము ఆయన్ను బుడగల సారు అనేవాళ్లం. కణేకల్ వైపు కాలువ కింద వరి రైతులు కూలి కలిసొస్తుందని రెండు రకాల కలుపు మందులను ఒకే పంపులో కలిపి కొట్టేవాళ్లు. ఆ మందు కాలువలోకి దిగితే అక్కడి నీటినాచు ఏమవుతుంది, ఒక్కో మందు విడిగా ఎంత చెరుపు చేస్తుంది, రెండూ కలిస్తే ఎంత చేస్తాయి అన్నది ఆయన ప్రశ్న. నాచు బాగుంటే ఎండలో తన ఆహారం తాను తయారు చేసుకుంటూ సన్నటి బుడగలు వదులుతుంది. దాని జీవక్రియ మందగిస్తే బుడగలూ తగ్గిపోతాయి. గాజు గ్లాసులో రెమ్మను పెట్టుకుని, ఎండలో కూర్చుని, ఆ బుడగలు లెక్కపెట్టడమే నా పని. లెక్కలో నాకు గర్వం ఎక్కువ. మొదటి మందు చేసిన నష్టానికి రెండో మందు చేసిన నష్టాన్ని కూడి, రెండూ కలిపిన తొట్టికి జవాబు ముందుగానే పెన్సిలుతో రాసి పెట్టుకునేదాన్ని. నాచు ఒక్కసారి కూడా నా కూడికను ఒప్పుకోలేదు. ఎప్పుడు చూసినా అంతకంటే అధ్వాన్నంగా ఉండేది.

నాచును కణేకల్ నుంచి బిందెలో బస్సు మీద నేనే తెచ్చేదాన్ని. "ఏమ్మా, చేపలా?" అన్నాడు కండక్టరు. నాచు అని చెప్పాను. "మనుషులకే తాగేకి ల్యాకుంటే నాచుకు నీళ్లు మోస్తాండావా తల్లీ!" అని బస్సంతా వినేట్టు నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. అందరూ బిందెలోని నీళ్లనే చూస్తున్నారు.

ఆ ఏడు కాలేజీ కుళాయిలు ఎండిపోయాయి. నేను అద్దెకున్న ఇంటి బావిలో మాత్రం అడుగున కొంచెం నీళ్లు ఉండేవి, అందుకని తొట్లు నాలుగూ ఆ ఇంటి పెరట్లోకి వచ్చాయి. ఒకటి మంచి నీళ్లది, రెండు ఒక్కో మందువి, నాలుగోది రెండు మందులూ కలిపినది. ఏది ఏదో అంచుల మీద సుద్దముక్కతో గీతలు గీశాను. ఇల్లుగలామెను వీధిలో అందరూ ఎనుముల అవ్వ అనేవాళ్లు. ఆమెకు ఉన్నది ఒకటే ఎనుము. (ఒకప్పుడు ఎక్కువ ఉండేవట. కరువుల్లో ఒక్కొక్కటే పోయినా పేరు మాత్రం తగ్గలేదు.) దాని పాలు వీధిలో నాలుగిళ్లకు పోస్తేనే ఆమె పొయ్యి వెలిగేది.

"వీటి జోలికి పోవద్దవ్వా, మందు కలిపినాము" అన్నాను.

"ఏం మందు?"

"మొక్కలు చావనీకి."

"నీళ్లు పోసి పెంచేది చంపనీకా? మీ సారుకు పెండ్లాం బిడ్డలు ఉండారా పాపా?"

వాన రాలేదు. చెనక్కాయ చేలు మొలకల్లోనే మాడిపోయాయి, కాబట్టి కాయలు తెంపాక పశువులకు మేతగా వేసే ఎండు తీగ, మేము కట్టె అనేది, అదీ లేదు. ఒక మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చేసరికి పెరట్లో ఒక తొట్టి బోర్లించి ఉంది. ఎనుము పెదవుల నుంచి నాచు పోగు ఒకటి వేలాడుతోంది. అవ్వ ముఖంలో చాలా రోజుల తర్వాత కళ కనిపించింది.

"వట్టి కుడితి తాగి తాగి కండ్లల్లో నీళ్లు పెట్టుకున్నాది పాపా. చూడలేక ఏసినా. వాడిపోయిండేటివి ముట్టల్యా. బాగా పచ్చగా ఉండేది చూసే ఏసినా, నాకు తెలీదా ఏం?"

"నీళ్లు?"

"అదే తాగింది. పారబోస్తామా!"

"గీతలు?"

"సున్నం అంటుకున్నాదని అన్నీ అటూ ఇటూ జరిపి తుడిచినా."

పచ్చగా ఉన్నదంటే మంచి నీళ్లదే కదా అని ఒక్క క్షణం ప్రాణం లేచి వచ్చింది. అంతలోనే సారు చెప్పిన మాట గుర్తొచ్చింది. ఈ మందు తగిలిన ఆకు లోపల ఆకలితో ఉంటుంది, వెలుతురు చాలని ఆకులాగా కొన్నాళ్లు మరింత ముదురు పచ్చగా మారుతుంది. ఆ వారం అన్నిటికంటే పచ్చగా ఉన్నది రెండు మందులూ కలిపిన తొట్టి.

సారు సైకిలు మీద వచ్చాడు. ఏ తొట్టి పోయిందో తేల్చడానికి ఒకటే దారి ఉంది. మిగిలిన మూడు తొట్ల నుంచి ఒక్కో రెమ్మ తీసి గ్లాసుల్లో పెట్టి, ఎండలో వరుసగా పేర్చి, ముగ్గురమూ గొంతుకూర్చున్నాము. వెనక ఎనుము నెమరు వేస్తోంది. మొదటి గ్లాసులో బుడగలు దారం గుచ్చినట్టు పైకి వచ్చాయి.

"అదేనా మంచిది?" అంది అవ్వ సంతోషంగా.

"అవునవ్వా."

"అంటే అది తినల్యా?"

నేను రెండో గ్లాసు వైపు వంగాను. రెండో గ్లాసులో బుడగలు నీరసంగా వచ్చాయి. మూడో దాంట్లోనూ అంతే. నీరసంగా వచ్చినా రెండింటిలోనూ వస్తున్నాయి. బుడగలే రాని రెమ్మ, రెండు మందులూ కలిపిన తొట్టిది, ఆ వరుసలో లేదు. అది ఎనుము కడుపులో ఉంది.

సారు నుదురు తుడుచుకున్నాడు. "ఏం కాదండీ. ఈ మందు ఎండలో ఆహారం తయారు చేసుకునే పనిని ఆపుతుంది. గేదె ఆ పని చెయ్యదు కదా."

"ఏం కాదా?"

"ఏం కాదు."

"అట్లయితే ఆ తొట్లల్లోది ఒక గుక్క నువ్వు తాగు సారూ, నేను చూస్తా."

సారు తాగలేదు. తొట్టిలో కలిపిన మందు ఎంత, ఎనుము బరువు ఎంత అని నేను వేళ్ల మీద లెక్క కట్టి, చాలా చాలా తక్కువ అవ్వా అని చెప్పాను. "ఆ లెక్క దానికి చెప్పుపో" అంది. కొన్నాళ్లు పాలు ఎవరికీ పోయవద్దని సారు చెప్పినప్పుడు మాత్రం సరేనంది. సాయంత్రం పితికి, చెంబు పట్టుకుని, ఎక్కడ ఒంపాలో తెలియక పెరడంతా తిరిగింది. చివరికి గోడవారన ఒంపి, అటు చూడకుండా లోపలికి వెళ్లిపోయింది.

ఎనుము చావలేదు. పొద్దున లేచి, ఇంకేమైనా పెడతారా అన్నట్టు తొట్ల వైపే చూస్తూ నిలబడింది. సారు రోజూ వచ్చి దాని కళ్లూ పేడా చూసి పోయేవాడు. ఒకరోజు అట్లా చూసి చూసి, ఉన్నట్టుండి చొక్కా చేతులు మడిచి, మంచి నీళ్ల తొట్టిలోని నాచంతా తీసి దాని ముందు వేశాడు.

"సారూ! అది లేకపోతే మిగతావాటిని దేంతో పోల్చాలి?"

"దీని డొక్కలు చూడమ్మాయ్" అన్నాడు.

ప్రయోగం అంతటితో ఆగిపోయింది. ఎనుము ఆకలి మాత్రం ఆగలేదు. ఒక పూట నాచు ఎంతకని వస్తుంది? వానలు ఇంకా వెనక్కి పోయాయి. మందుకు తట్టుకున్న ఎనుమును ఆకలికి తట్టుకోలేదని అవ్వ సంతకు తోలుకుపోయింది. మా వైపు పశువును అమ్మితే పలుపు తాడు అమ్మినవాళ్లే ఉంచుకుంటారు. సాయంత్రానికి భుజం మీద ఆ తాడుతో తిరిగొచ్చి, కట్టుగుంజ దగ్గర కూర్చుంది. తినమంటే తినలేదు. చాలాసేపటికి, "పాపా, ఆ బుడగలు ఇంగోసారి చూపీ" అంది.

మిగిలినవి మందు తొట్లు రెండే. నాచు సగం కుళ్లిపోయింది. ఉన్నంతలో బాగున్న రెమ్మను ఏరి, గ్లాసులో పెట్టి, దిగిపోతున్న ఎండకు ఎదురుగా పట్టుకున్నాను. ఇద్దరమూ చూస్తూ కూర్చున్నాము.

"వస్తాండాదా?"

"ఉండవ్వా."

చివరికి ఒకటి రెమ్మ కొస నుంచి ఊడి పైకి వచ్చింది. నీళ్లు వెచ్చబడినా అటువంటి బుడగ వస్తుంది. దాన్ని లెక్కలోకి తీసుకోకూడదని సారు మొదటి రోజే నేర్పాడు, నేను ఎప్పుడూ తీసుకోలేదు. అవ్వ నా ముఖంలోకి చూసింది.

"ఒకటి" అన్నాను.

"బతికే ఉండాది" అంది అవ్వ, లేచి కాళ్లు కడుక్కోవడానికి పోయింది. ఇప్పుడు ఆ గ్లాసు పట్టుకున్న పిల్లను తలుచుకుంటే నవ్వు వస్తుంది. ఆ పిల్ల చేసిన లెక్కలన్నిటిలోనూ తప్పని తెలిసీ నేను దిద్దకుండా ఉంచుకున్నది ఆ ఒక్కటే.