మెటికతో తడితే తెలిసేది

మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో నాది తట్టే పని. పలకను ఎడమ చేతి వేళ్ల మీద నిలబెట్టి, కుడి చేతి మెటికతో ఒక్కసారి తడతాను. రాయి బాగుంటే ఖంగుమంటుంది. లోపల కంటికి కనిపించని నెర్రె ఉంటే బొంగురుగా పలుకుతుంది. బాగున్నదాని వెనక సుద్దతో టిక్కు పెట్టి పంపిస్తాను, బొంగురుదాన్ని పక్కన పడేస్తాను. పదేళ్లుగా ఇదే పని. దాచడమెందుకు, ఈ పనిలో నాకు కాస్త పొగరు కూడా ఉంది. సంతలో కుండలు కొనేవాళ్లు కూడా నన్ను వెంటబెట్టుకుని పోయేవాళ్లు.

రెండేళ్ల కిందట గాలివానకు మా వరండా రేకులు లేచిపోయాయి. బాగుచేసేదాకా అని నా బల్లను లోపలికి, రాళ్లు కోసే మిషన్ పక్కకు జరిపారు. రేకులు వారంలో వేశారు గానీ, ఆ వరండాలో అట్టపెట్టెలు పేర్చుకున్నారు. నా బల్ల లోపలే ఉండిపోయింది. నేనూ అడగలేదు. కూర్చునే చోటులో ఏముంది, పనితనం మన దగ్గర ఉండాలి గానీ అనుకున్నాను.

నెల తిరక్కుండానే నా టిక్కు ఉన్న పలకలు రెండు పెట్టెలు వెనక్కి వచ్చాయి. అన్నీ నెర్రెలవే. మా సూపర్‌వైజరు నాకంటే చిన్నవాడు, వదినా అని పిలుస్తాడు. అందరి ముందూ వాటిని నా బల్ల మీద పెట్టి, "ఏంది వదినా, నీ చెవి యాడికి పోయింది?" అన్నాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఊరంతా చెప్పుకుంటారు. ఆ రోజు మాత్రం తల వంచుకుని, ఆ పలకల్నే మళ్లీ ఒక్కొక్కటిగా తట్టుకుంటూ కూర్చున్నాను.

అప్పటి నుంచి ప్రతి పలకనూ మూడుసార్లు, నాలుగుసార్లు తట్టేదాన్ని. నిజంగా ఖంగుమందో, నేనే అలా అనుకున్నానో తెలిసేది కాదు. ఇంటికి పోయినా చెయ్యి ఊరుకునేది కాదు. గ్లాసులు, టెంకాయలు, నీళ్ల బిందె, ఆఖరికి అన్నం తినే కంచం కూడా తట్టేదాన్ని. మా అత్త చూసి చూసి, "ఏందమ్మే, ఇంట్లో కూడా చెకింగ్ పెట్టినావా? నన్ను కూడా తట్టి చూడు, యాడన్నా నెర్రె ఉందేమో" అంది. నవ్వాల్సిన మాటే. నేను ఏడ్చాను. ఆమె హడలిపోయి, వెల్లుల్లి కాచిన నూనె తెచ్చి నా చెవుల్లో పోసింది.

గిద్దలూరులో చెవుల డాక్టరుకు చూపించుకున్నాను. ఆయన పరీక్ష చేసి, "చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయమ్మా" అన్నాడు. నాకు ఇంకా దిగులు పట్టుకుంది. చెవి బాగుంటే, చెడింది బుర్రేనన్నమాట! తిరిగొచ్చే బస్సులోనే తేల్చుకున్నాను. శనివారం పని మానేస్తానని చెప్పేసి మిరపకాయల కోతకు పోతాను. అక్కడ కాయల్ని తట్టి చూడమనేవాళ్లు ఉండరు.

శనివారం పొద్దున పని చేస్తూనే, ఆ మాట ఎలా చెప్పాలా అని కూడబలుక్కుంటున్నాను. ఇంతలో కరెంటు పోయింది. మిషన్ ఆగింది. చేతిలో ఉన్న పలకను అలవాటుగా తట్టాను.

ఖంగుమంది.

ఇంకొకటి తట్టాను, మరొకటి తట్టాను. ఐదోది బొంగురు! నా బిడ్డ తొలి ఏడుపు విన్నప్పుడు కూడా అంత సంతోషపడ్డానో లేదో. పొద్దుటి నుంచి టిక్కు పెట్టిన దొంతరంతా మళ్లీ ముందుకు లాక్కుని తట్టాను. నెర్రె ఉన్నవి ఏడు బయటపడ్డాయి. చెవీ ఉంది, బుర్రా ఉంది. నాకు నవ్వు ఆగలేదు.

నా నవ్వు విని సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. "కరెంటు రానీ, చెప్తా. నువ్వు నా స్టూలు మీద కూచో" అన్నాను. కరెంటు వచ్చింది, మిషన్ మళ్లీ అందుకుంది. మంచి పలక ఒకటి, నెర్రెది ఒకటి అతని చేతిలో పెట్టి, ఏది మంచిదో చెప్పమని చెవిలో అరిచాను. తట్టాడు. చెవికి ఆనించుకుని తట్టాడు. కళ్లు మూసుకుని తట్టాడు. చివరికి ఎంతో నమ్మకంగా నెర్రెదాన్ని నాకు అందించాడు. ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. ఆ మోతలో నవ్వు కూడా వినపడలేదు, నోళ్లు మాత్రం కనపడ్డాయి.

"ఇన్నాళ్లు ఈడ ఎట్ల పనిచేసినావు వదినా? నోరు తెరిచి చెప్పకూడదా?" అని అరిచాడు.

"తప్పు నాదే అనుకున్నా గదయ్యా!"

మధ్యాహ్నానికల్లా అట్టపెట్టెలు లోపలికి పోయాయి. నా బల్లను వరండాలోకి ఒక కొస నేను, ఒక కొస అతను పట్టుకుని మోశాం. సాయంత్రం ఇంటికి పోతూనే మా అత్త భుజం మీద మెటికతో తట్టి, "నెర్రె లేదత్తా, గట్టి సరుకే" అన్నాను. ఆమె చీపురు తీసుకుని వెంటబడింది.

పోయిన నెలలో అర్ధవీడు నుంచి ఒకామె పలకల మీద గీతలు వేసే పనికి వచ్చింది. వారం తిరక్కుండానే నా పక్కన కూలబడి, "గీతలన్నీ వంకర పోతాండయి అక్కా. నేను దేనికీ పనికిరాను" అని కళ్లు తుడుచుకుంది.

"ఏడుపు తర్వాత. నిన్ను యాడ కూచోబెట్టినారో ముందు చూపియ్యి" అంటూ లేచాను.

వెళ్లి చూస్తే, కిటికీలోంచి ఎండ సూటిగా ఆమె కూర్చునే చోట, కళ్లలోనే పడుతోంది. నేను పైట నడుముకు దోపుకుని బల్ల పట్టుకున్నాను. దూరంగా టీ తాగుతున్న సూపర్‌వైజరు నన్ను చూశాడు. గ్లాసు కింద పెట్టి, ఏమీ అడక్కుండా వచ్చి రెండో కొస పట్టుకున్నాడు.