సగం తోట పీకేసిన సాయంత్రం

మస్కట్‌లో నేను పనిచేసే ఇంటి వెనక, గోడ పక్కన నాకంటూ రెండు కూరగాయల మడులున్నాయి. పని తక్కువగా ఉన్న రోజుల్లో సరదాగా మొదలుపెట్టాను. ఈమధ్య ఇంటికి చుట్టాల రాకపోకలు ఎక్కువై డ్యూటీ పెరిగింది. వంటింటి పని ముగించి బకెట్లతో నీళ్ళు మోసేసరికి నడుం పడిపోతోంది. అందుకే ఈ రోజు మనసు రాయి చేసుకుని టమాటా, వంకాయ మొక్కలున్న మడిని మొత్తం పీకేశాను. పెద్దగా పట్టించుకోకపోయినా పెరిగే గోంగూర, బచ్చలి మాత్రం ఉంచాను.

ఖాళీ మడిలో కలుపు రాకుండా ఎండు ఖర్జూర మట్టలు కప్పబోతుంటే మేడమ్ వచ్చారు.

“మంచి పని చేశావు. చోటు ఖాళీ అయిందిగా, మాకు సలాడ్‌లోకి పుదీనా, జర్జీర్ ఆకు వేసెయ్,” అన్నారు హిందీలో.

“చోటుంది మేడమ్, నాకే టైమ్ లేదు,” అన్నాను.

“ఆకులే కదా!” అని నవ్వుతూ లోపలికి వెళ్ళిపోయారు.

నాకు ఏడుపొక్కటే తక్కువ. కారు కడుగుతున్న డ్రైవర్ రాజన్నది నిజామాబాద్ వైపు. అంతా విని దగ్గరికొచ్చాడు.

“ఈడ ఖాళీ జాగ సూపెట్టద్దక్కా, పని మొలుస్తది.”

“ఇప్పుడేం చేయల్ల రాజన్నా?”

అతను మట్టలు పరిచి, మూలనున్న పాత ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి మడి మధ్యలో వేశాడు. చాలా రోజుల తర్వాత కూర్చుని టీ తాగాను.

రేపు మేడమ్ దగ్గర్నుంచి విత్తనాలు రాక తప్పదు. మీరు కాస్త ఖాళీ చేసుకోగానే దాన్ని నింపేసేవాళ్ళు మీ దగ్గరా ఉన్నారా?