పుట్టిలో రాత్రి బడి

మొన్న ఆదివారం మా రాత్రి బడి మొత్తం చెరువులో మునిగిపోవాల్సింది. గాలివాన ముంచబోయింది అనుకునేరు. గాలి చేసింది సగమే. తక్కిన సగం నేను.

మాది జమ్మలమడుగు పక్క పల్లె. పగలు పిల్లలకు, దీపాలు పెట్టినాక పెద్దలకు పాఠం చెబుతాను. పెద్దల బడికి లాంతరూ పలకలూ బ్లాకు ఆఫీసు వాళ్లు ఇచ్చినారు. డిసిప్లిన్ మాత్రం నేనిచ్చినాను. సార్ లేచి నిలబడితే అందరూ లేచి నిలబడాల. అరవై ఏండ్ల నాగన్న మామకు ఏడాదైనా గుణింతాలు పట్టుబడలేదు గానీ, నేను కుర్చీలోంచి కదిలితే చాలు, మోకాళ్లు పట్టుకునైనా లేచేవాడు. ఈ సంగతి ప్రొద్దుటూరు మీటింగులో తోటి అయ్యవార్లకు ఎంత గొప్పగా చెప్పుకున్నానో!

ఈ ఏడు వానలు బాగా పడి చెరువు నిండింది. మా పక్క చెరువు నిండిందంటే తిరునాళ్లే. మా ఊరి అల్లుడు వెంకటసామి చెన్నూరు దగ్గర పెన్నలో జనాన్ని దాటించే మనిషి. తన పుట్టిని ఎద్దులబండి మీద బోర్లించి తెచ్చినాడు. పుట్టి అంటే వెదురుబుట్టకు తోలు తొడిగి తారు పూసిన గుండ్రటి పడవ. ఊరంతా సరదాగా ఒక్కో చుట్టు తిరిగొచ్చినాక, ఆదివారం సాయంత్రం మా బడి వంతు వచ్చింది. నేను, నాగన్న మామ, బండి తోలే దస్తగిరి, ఇంకో ముగ్గురు రైతులు. మా ఆరుగురిలో ఈత వచ్చింది దస్తగిరికొక్కడికే. నాకైతే బావిలోకి తొంగిచూస్తేనే కళ్లు తిరుగుతాయి.

నాకొక జబ్బుంది. నలుగురు ఒకచోట కదలకుండా దొరికితే కథ చెప్పకుండా ఉండలేను. చెరువు నడుమకు పోయినాక ఒకటి మొదలుపెట్టినాను. గాలికి తలపాగా ఎగిరిపోతాందని పడవలో లేచి నిలబడి, పక్కనున్నోళ్లందరినీ ముంచిన ఒక పెద్దమనిషి కథ. సందర్భానికి తగిన కథే కదా.

కథ సగంలో ఉండగా పడమటి కొండ మీద మబ్బు నల్లబడింది. వెంకటసామి తెడ్డు ఆపి, గాలి మారతాంది, ఇంక గట్టుకు పోదామని మెల్లగా అన్నాడు.

"ఒక్క నిమిషం ఆగప్పా, నీతి మిగిలింది" అన్నాను.

అతను ఊరి అల్లుడు, పైగా నేను అయ్యవారిని. కాదనలేక ఆగినాడు.

నీతికంటే ముందు గాలి వచ్చింది. పుట్టికి ముందూ వెనకా ఉండదు కదా, తిరగలి తిరిగినట్టు తిరగబట్టింది. చినుకులు గులకరాళ్ల మాదిరి మొహాన కొడతాండాయి. నాగన్న మామ రెండు చేతులతో అంచు పట్టుకుని కండ్లు మూసుకున్నాడు. బెదిరిపోయి ఎవరన్నా లేస్తారేమోనని నాకు భయం. బడిలో గోల అయితే ఏం చేస్తానో అదే చేసినాను. లేచి నిలబడి, చెయ్యెత్తి, గొంతు చించుకుని చెప్పినాను.

"ఎవరూ లేయొద్దు!"

ఐదుగురూ లేచి నిలబడినారు. చేతులు కట్టుకుని మరీ.

పుట్టి ఒక పక్కకు ఒరిగింది. నీళ్లు లోపలికి వచ్చినాయి. కుచ్చోండి, కుచ్చోండి అని నేను నిలబడే అరుస్తాండా. వాళ్లు నిలబడే నా మొహం చూస్తాండారు. సార్ నిలబడుండగా ఎట్లా కుచ్చుంటారు? వెంకటసామి వాళ్ల జోలికే పోలేదు. తెడ్డు కొన తెచ్చి నా కడుపుకు ఆనించినాడు.

"అయ్యోరూ, ముందు నువ్వు కుచ్చో."

కుచ్చోవడమేముంది, అడుగున నిలిచిన నీళ్లలో దబ్బున పడినాను. అదే క్షణాన ఐదుగురూ కుచ్చున్నారు. పుట్టి నిలదొక్కుకుంది. వెంకటసామి తెడ్డు వేస్తాంటే మేము దోసిళ్లతో నీళ్లు తోడి పోసినాం. గాలి మమ్మల్ని అవతలి గట్టున తుమ్మకంపలోకి తోసి వదిలిపెట్టింది.

నాగన్న మామ గడగడ వణుకుతాండాడు. చెయ్యి పట్టి గట్టెక్కించి, తప్పు నాదే మామా అన్నాను.

"నువ్వు నిలబడుంటే కుచ్చునేదానికి మనసు రాలేదు అయ్యోరూ" అన్నాడు, తలగుడ్డ పిండుకుంటా. "మునిగితే అందరం కలిసే మునుగుదాంలే అనుకున్నా."

దస్తగిరి పంచెలో దిగిన ముల్లు పెరుక్కుంటా, ఆ నీతి ఏందో ఇప్పుడన్నా చెప్పు సార్ అన్నాడు.

మర్నాడు సాయంత్రం వెంకటసామి పుట్టిని బండి మీద తెచ్చి బడి ముందర దింపి, తారు డబ్బా, కుంచె నా చేతికిచ్చినాడు. పుట్టి లోపలి అంచున, ఎక్కినోళ్లకు కనపడేటట్టు రాయమన్నాడు. నేనే గుండ్రంగా రాసినాను: మబ్బు పడితే గట్టుకు పోవాల. గాలొస్తే ఎవరూ లేయగూడదు. వెంకటసామికి చదవను రాదు. నేను చదివి వినిపిస్తే, అది చాలదని కింద ఇంకో వరస చెప్పి రాయించుకున్నాడు. అది కూడా నేనే రాసినాను, తప్పుల్లేకుండా.

బడి మొత్తం పుట్టి చుట్టూ చేరి ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటా చదవబట్టింది. ఏడాదిగా గుణింతాల కాడనే ఆగిపోయిన నాగన్న మామ, ఆ కడపటి వరస మాత్రం ఒక్క గుక్కలో చదివేసినాడు.

"అయ్యవారు లేచినా సరే."