తాళాలామె ముఖం

రాయచోటి దగ్గరి పల్లె నుంచి వచ్చిన మహబూబీ ఒమన్ దేశంలోని సూర్‌లో ఒక ఇంట్లో ఆరేళ్లుగా పనిచేస్తోంది. ఇంటి పెద్దామె పేరు అజీజా. ఆమెను మామా అని పిలవాలి, అంటే అమ్మ అని. అజీజాకు చూపు బాగా తగ్గాక మహబూబీకి ఇంకో పని చేరింది. సాయంత్రం నమాజు అయ్యాక పక్కన కూర్చుని, టీవీలో ఏం జరుగుతోందో చెప్పాలి.

అది ఇంగ్లండు వాళ్ల సీరియల్. నూరేళ్ల కిందటి బంగళా, అందులో దొరలు, వాళ్ల నౌకర్లు. మస్కట్‌లో చదువుకునే మనవరాలు తయ్యబా పెట్టి చూపించింది. మాటలు ఇంగ్లీషు, కింద అక్షరాలు అరబ్బీ. అజీజాకు ఆ అక్షరాలు ఆనవు. మహబూబీకి రెండు భాషలూ చదవడం రాదు. అయినా వెల్లుల్లి ఒలుచుకుంటూ, తనకు తోచిన కథను వంటింటి అరబ్బీలో చెప్పేది.

మొదట్లో ఎవరు దొరో ఎవరు నౌకరో తెలియలేదు. నల్లకోటు, తెల్ల చేతితొడుగులు వేసుకున్నాయనే యజమాని అనుకుని పదిరోజులు చెప్పింది. ఒకరోజు ఆయన పాత స్వెట్టరు మనిషికి వంగి టీ అందించాడు. పెద్దాయన బీదవాళ్లకు టీ పోస్తున్నాడని చెప్పేసింది మహబూబీ. అజీజా ఆయన్ని మెచ్చుకుంది. ఆ స్వెట్టరు మనిషే దొరని తర్వాత అర్థమైనా మహబూబీ దిద్దలేదు.

ఇద్దరికీ ఇష్టమైన మనిషి తాళాలామె. నడుముకు తాళాలగుత్తి కట్టుకుని పనిపిల్లలందరినీ నడిపించేది. రంజాన్ వెళ్లాక కొత్త భాగాలు మొదలయ్యాయి. అదే గుత్తి, అదే నల్లగౌను, ముఖం మాత్రం వేరు. అందరూ ఆమెను పాత పేరుతోనే పిలుస్తున్నారు.

"గొంతు ఆమెది కాదు," అంది అజీజా.

పాతామె చచ్చిపోయిందేమో, పంపేశారేమో, ఎవరో ఒకరు చెప్పకపోతారా అని మూడురోజులు చూశారు. ఎవరూ చెప్పలేదు. తయ్యబా ఫోన్ చేసినప్పుడు మహబూబీ అడిగింది. ఆ పిల్ల నవ్వి, నటి మారిందని, మనిషి మాత్రం ఆమే అనుకోవాలని చెప్పింది. మరి మొదటామె ఎక్కడికి పోయిందంటే తనకు తెలియదంది.

"అదంతా ఎవరు పట్టించుకుంటారు రాబియా?" అని ఫోన్ పెట్టేసింది.

ఆ ఇంట్లో అందరూ మహబూబీని రాబియా అనే పిలుస్తారు. వచ్చిన కొత్తలో అది అరబ్బీలో పనిమనిషికి పేరేమో అనుకుంది. తనకు ముందు పనిచేసినామె పేరని పక్కింటి పనామె చెప్పినప్పుడు తెలిసింది. అప్పటికే ఆ పేరుకు పలకడం అలవాటైపోయింది. ఎవరినీ ఏమీ అడగలేదు.

ఆ సాయంత్రం అడిగింది.

"మామా, నాకు ముందు ఈడుండిన రాబియా యాడికి పాయ?"

"నువ్వే కదా రాబియా."

"కాదు మామా. నేను మహబూబీ. ఆరేండ్ల కిందట వచ్చినా."

అజీజా చెయ్యి చాపి మహబూబీ వేళ్లను తడిమింది.

"మా చిన్నవాడి పెళ్లికి నాకు గోరింటాకు పెట్టింది నువ్వేనా?"

"నేను కాదు."

"నాకు జ్వరమొచ్చినప్పుడు మంచం పక్కన కూర్చుంది నువ్వేనా?"

"అది నేనే మామా."

రాబియా ఎప్పుడు వెళ్లిందో అజీజాకు గుర్తు రాలేదు. అసలు ఎవరూ వెళ్లినట్టే అనిపించలేదంది. అప్పటికే కళ్లు మసకబారాయి. ఏ ముఖమైనా ఒకలాగే కనిపించేది.

ఆ తర్వాత రోజూ టీవీ ఒకపక్క నడుస్తుండగా, ఇద్దరూ పాత సంగతులను ఇది నీది, ఇది రాబియాది అని వేరుచేస్తూ కూర్చున్నారు. ఒకరోజు అజీజా అడిగింది.

"మా ఆయన పోయిన రోజు, ఇంటినిండా జనం ఉంటే, నన్ను లోపలికి తీసుకెళ్లి తల దువ్వింది ఎవరు?"

ఆయన పోయింది మహబూబీ రాకముందే. ఆ మాట నోటిదాకా వచ్చింది. అజీజా ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకుని ఉంది.

"గుర్తులేదు మామా," అంది మహబూబీ.

కాదని ఎందుకు అనలేకపోయిందో ఆమెకే అర్థం కాలేదు. ఎక్కడుందో తెలియని రాబియాది ఏదో తీసుకున్నట్టు అనిపించింది. ఆ చేతుల్లోంచి తన చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.